యంత్రం చెప్పే సాక్ష్యం

సాక్షి తాను చూచినంత మేరకే చెప్పగలడు. చూడని దానిని వివేకంతో ఊహించి, సత్యాన్ని నిర్ణయించవలసిన బాధ్యత విచారణ జరిపే వానిది. ఈ నియమం న్యాయస్థానానికి ఎంత అవసరమో, కారు ఇంజనులో దోషాన్ని వెదికే మెకానిక్కుకూ అంతే అవసరం.

పెట్రోలు ఇంజనులోని ప్రతి సిలిండరులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ అదిమిపెడుతుంది. తగిన క్షణంలో స్పార్క్ ప్లగ్ వెలువరించే నిప్పురవ్వతో ఆ మిశ్రమం మండుతుంది. ఆ మంట పిస్టన్‌ను నెట్టగా పుట్టిన బలమే చక్రాలను నడిపిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతున్నదనుకుంటే, నాలుగింటిలో కలిపి 1600 సార్లు దహనం జరగాలి. వీటిలో కొన్ని తప్పిపోతే ఇంజను కుదుపులకు లోనవుతుంది, శక్తి సన్నగిల్లుతుంది. దీనినే మిస్‌ఫైర్ అంటారు. మన మెకానిక్కుల వాడుకలో ఇది ‘మిస్సింగ్’.

ఆధునిక వాహనాలలో ఈ లోపాన్ని కంప్యూటరు పసిగడుతుంది. అమెరికాలో 1996 నమూనా కార్ల నుండి ఓబీడీ-2 అనే స్వయంపరీక్షా విధానం తప్పనిసరి అయింది. తరువాత అనేక దేశాలు ఇటువంటి విధానాలను స్వీకరించాయి. దహనం జరిగినప్పుడల్లా క్రాంక్ షాఫ్ట్ వేగం లేశమాత్రంగా పెరుగుతుంది. ఏ సిలిండరు వంతు వచ్చినప్పుడు ఆ పెరుగుదల లోపిస్తుందో గమనించి, కంప్యూటరు ఒక సంకేతాన్ని భద్రపరుస్తుంది. స్కానరు తగిలిస్తే ఆ సంకేతాన్ని చదవవచ్చు. పి0302 అంటే రెండవ సిలిండరులో మిస్‌ఫైర్ అని అర్థం. పి0300 అంటే ఒక సిలిండరుకు కట్టుబడక అనేక సిలిండర్లలో కనబడే మిస్‌ఫైర్. పి0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువై, ఇంధనం తక్కువైనదని సూచన.

ఒక కారులో పి0302, పి0171 సంకేతాలు రెండూ కనిపించాయనుకుందాం. రెండవ సిలిండరు ప్లగ్‌ను విప్పి చూస్తే అది పెట్రోలుతో తడిసి ఉన్నది. ఇంధనం చాలడం లేదని సంకేతం చెబుతుండగా, మండని ఇంధనం కళ్ళెదుటే కనబడుతున్నది. వీటిలో ఏది నిజం?

రెండూ నిజమే కావచ్చు. ఆక్సిజన్ సెన్సరు పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను గుర్తిస్తుందే గాని, మండని పెట్రోలును కొలవదు. నిప్పురవ్వ పడని సిలిండరు నుండి పెట్రోలుతో పాటు వినియోగం కాని గాలి కూడా వెలుపలికి వస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూచి, మిశ్రమంలో గాలి ఎక్కువైనదని సెన్సరు నివేదిస్తుంది. కంప్యూటరు ఆ మాటను నమ్మి ఇంధనాన్ని ఇంకా పెంచుతుంది. అంధగజన్యాయంలో వలె ప్రతి సెన్సరూ తనకు అందిన భాగాన్నే వర్ణిస్తున్నది. ఏనుగును పోల్చుకోవలసింది మనమే.

పొగను చూచి నిప్పును ఊహించడాన్ని మన తార్కికులు అనుమాన ప్రమాణమన్నారు. హేతువుకూ సాధ్యానికీ నడుమ ఎన్నడూ తప్పని సంబంధం ఉంటేనే ఆ ఊహ నిలుస్తుంది. ఇక్కడ ఆ సంబంధం లేదు. ఇంధనం తగ్గినా ఆక్సిజన్ మిగులుతుంది. దహనం జరగకపోయినా ఆక్సిజన్ మిగులుతుంది. కనుక పరీక్షించక తప్పదు.

మొదట సంకేతాలను, అవి నమోదైన వేళ ఇంజను వేగం, వేడి, భారం ఎంత ఉన్నవో వ్రాసుకోవాలి. వీటిని వ్రాసుకోకుండా చెరిపివేయడం సాక్ష్యాన్ని చేజేతులా పోగొట్టుకోవడమే. తరువాత, ప్రతి సిలిండరుకూ విడి కాయిల్ ఉన్న ఇంజనులో, రెండవ సిలిండరు కాయిల్‌ను మూడవదానికీ, మూడవదానిని రెండవదానికీ మార్చి నడపాలి. ఇప్పుడు పి0303 కనిపిస్తే దోషం కాయిల్‌తో పాటే నడిచినట్లు. పి0302 అలాగే నిలిస్తే ప్లగ్‌ను, ఇంజెక్టరును ఇదే విధంగా పరీక్షించి, చివరకు సిలిండరులోని కంప్రెషన్‌ను కొలవాలి. కొత్త కాయిల్ వేసిన పిమ్మట పి0171 కూడా తిరిగి రాకపోతే, రెండు సంకేతాలకూ మూలం ఒక్కటేనని తేలుతుంది.

పి0300, పి0171 కలిసి వస్తే విచారణ మరొక దారి పడుతుంది. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు మిస్ అవుతూ, వేగం పెంచితే కుదుటపడితే, లోపలికి గాలి చొరబడే లీకును అనుమానించాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, వేగంగా నడిపేటప్పుడు దోషం అధికమైతే ఇంధన పంపును, ఫిల్టరును చూడాలి.

ఇంత శ్రమ ఎందుకు, సెన్సరునే మార్చివేయరాదా అని కొందరనవచ్చు. అలా మార్చితే యజమాని ధనం వ్యర్థమవుతుంది. దోషం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఈలోగా మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరును చేరి, అక్కడ మండి, దానిని మితిమీరి వేడెక్కిస్తుంది. పొగలోని విషపదార్థాలను తగ్గించే ఆ విలువైన భాగం కరిగి చెడిపోవచ్చు. ఇంజను హెచ్చరిక దీపం ఆగి ఆగి వెలుగుతున్నదంటే ఆ ముప్పు దగ్గరపడినట్లే. అప్పుడు వేగం తగ్గించి, వీలైనంత త్వరగా వాహనాన్ని ఆపాలి.

ఇద్దరు సాక్షుల మాటలు పొసగనప్పుడు వారిలో ఒకరు అబద్ధమాడుతున్నారని వెంటనే తలచరాదు. ఇద్దరి మాటలూ నిజం కాగల కారణం ఏదైనా ఉన్నదేమో ముందుగా వెదకాలి. గ్యారేజీలో పనిచేసే యువకునికి స్కానరు ఎంత ముఖ్యమో, ఈ ఓర్పూ అంతే ముఖ్యం.