లోకమంతటి పళ్ళెములు – మన ఇంటి అంబలి

గత మార్చి నెలలో మేము కొండ వారనున్న ఒక పల్లెకు కుటుంబములను దర్శించుటకు వెళ్ళాము. మిట్టమధ్యాహ్నము. మమ్మల్ని చూడగానే ఆ ఇంటి పెద్దమ్మగారు పొయ్యి పక్కనున్న కుండ మీద గబగబా మూత పెట్టేశారు. కొంగు ముడి విప్పి, మనుమడి చేతిలో డబ్బులు పెట్టి, కూల్‌డ్రింకు తెమ్మని పంపబోయారు.

ఆ కుండలో ఉన్నది చోడి అంబలి. మా ప్రాంతములో రాగులను చోళ్ళు అంటారు. "మాకు అదే పోయండమ్మా" అన్నాము. "అయ్యో, అయ్యగారికి అంబలి పోస్తామా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?" అన్నారామె. మనుమడు తల వంచుకున్నాడు. బడిలో పిల్లలు నవ్వుతున్నారని వాడు అంబలి ముట్టడమే మానేశాడట.

ప్రియ పాఠకులారా, ఆ తల వంపు మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. ఇంట్లో ఉన్న తిండికి మనము ఎందుకు సిగ్గుపడుతున్నాము? ఇతర దేశముల ప్రజలు తమ ఇంటి తిండిని ఎలా చూసుకుంటారు? కొన్ని దేశముల పళ్ళెములలోకి తొంగి చూద్దాము.

ఇథియోపియా: ఒకే పళ్ళెము

ఇథియోపియాలో టెఫ్ అనే ధాన్యము పండుతుంది. ఆవగింజ కంటే చిన్న గింజ. దాని పిండిని కలిపి, రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనము మీద దోసెలాగా పోస్తారు. దానిని ఇంజెరా అంటారు. దాని మీదనే పప్పు, కూరలు, మాంసపు పులుసు వడ్డిస్తారు. ఇంటిల్లిపాదీ, వచ్చిన అతిథీ, ఆ ఒకే పళ్ళెము చుట్టూ కూర్చుని చేతితో తింటారు. ఒక ముద్ద చుట్టి పక్కవారి నోటిలో పెట్టడము వారికి గొప్ప ప్రేమ గుర్తు. దానికి గుర్షా అని పేరు.

భోజనము తరువాత కాఫీ. పచ్చి గింజలను అతిథి ఎదుటనే వేయించి, దంచి, మట్టి కూజాలో కాస్తారు. మూడు విడతలుగా పోస్తారు. మూడవ విడతకు వారి భాషలో ఆశీర్వాదము అని అర్థము వచ్చే పేరు. పులిసిన పిండి, మట్టి కూజా – మనము దాచిపెట్టే వాటినే వారు అతిథి ముందుంచుతున్నారు.

కొరియా: మాడు నీళ్ళు

కొరియా వారికి ప్రతి పూటా అన్నముతో కిమ్చీ ఉండాలి. క్యాబేజీని ఉప్పు, మిరప పొడి, వెల్లుల్లితో ఊరవేసి పులియబెడతారు. చలికాలము ముందు చుట్టాలు, ఇరుగుపొరుగు కలిసి పెద్ద ఎత్తున కిమ్చీ పెట్టుకుని పంచుకుంటారు. మన ఊళ్ళలో ఆవకాయ రోజులు జ్ఞాపకము వస్తాయి కదా! ఈ ఆచారమును 2013లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించింది. అన్నము గిన్నె అడుగున అంటిన మాడులో నీళ్ళు పోసి మరిగించి, భోజనానంతరము తాగే అలవాటు కూడ వారికుంది. దానిని సుంగ్‌న్యుంగ్ అంటారు. మనము గీకి పారేసే మాడు వారికి ఇష్టమైన పానీయము.

హైతీ: గుమ్మడి పులుసు

హైతీ దేశము ఒకప్పుడు ఫ్రెంచివారి వలస. ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు అక్కడ చెరకు తోటలలో చాకిరీ చేసేవారు. గుమ్మడికాయ పులుసు వండేది వారే. తాగే హక్కు మాత్రము యజమానులకే. ఆ బానిసలే తిరగబడి, 1804 జనవరి 1న స్వతంత్రులయ్యారు. ఆనాటి నుండి ప్రతి సంవత్సరము జనవరి 1న హైతీలో బీదవారు, గొప్పవారు అందరూ ఆ గుమ్మడి పులుసే వండుకుంటారు. ఇరుగుపొరుగుకు పంచుతారు. 2021లో యునెస్కో దీనినీ తన జాబితాలో చేర్చింది. ఒక గిన్నెడు పులుసు వెనుక ఒక జనాంగపు మానమర్యాదలున్నాయి.

మెక్సికో: సున్నపు నీళ్ళ జ్ఞానము

మెక్సికోలో ముఖ్యమైన తిండి మొక్కజొన్న రొట్టె. అక్కడి స్త్రీలు వేల సంవత్సరాలుగా మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బుతున్నారు. ఆ పిండితోనే అంబలి వంటి అతోలే కాస్తారు. రొట్టెతో పాటు చిక్కుడు గింజలు తింటారు.

యూరపు వారు మొక్కజొన్నను తమ దేశములకు తీసుకొనిపోయారు గాని, ఆ సున్నపు నీళ్ళ పద్ధతిని తీసుకొనిపోలేదు. ఫలితము? ఇటలీలోను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రములలోను, మొక్కజొన్న మీదనే బ్రతికే పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చింది. చర్మము నల్లబడి పగులుతుంది, విరేచనాలవుతాయి, మతి చలిస్తుంది. అది అంటువ్యాధి కాదనీ, తిండి లోపమనీ 1914 తరువాత డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ చూపించారు. లోపించినది నియాసిన్ అనే విటమినని 1937 తరువాత తేలింది. మొక్కజొన్నలో బిగుసుకుని ఉండే ఆ విటమినును విడిపించేది సున్నపు నీళ్ళే! చదువురాని అమ్మమ్మల అలవాటును తేలికగా చూసినందుకు చెల్లించిన వెల అది.

మనకూ ఇందులో పాఠమున్నది. జొన్న తప్ప మరేమీ దొరకని దక్కను ప్రాంతపు పేదలలో కూడ ఈ జబ్బు కనబడింది. 1960 ప్రాంతములో హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్ గారు దానిని పరిశోధించారు. కాబట్టి మన ధాన్యము మంచిదని చెప్పి అదొక్కటే తింటే చాలదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ, వీలైతే గ్రుడ్డు తోడుండాలి.

మరి మన కుండ సంగతి?

నూరు గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియమున్నది. తెల్ల బియ్యములో పది మాత్రమే. చిన్న కూల్‌డ్రింకు సీసాలో, అనగా 300 మిల్లీలీటర్లలో, సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, ఆరేడు చెంచాలన్నమాట. భారతదేశము ప్రతిపాదించగా, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరముగా జరిపింది. పట్టణములలో రాగిజావను ఇప్పుడు గ్లాసు లెక్కన అమ్ముతున్నారు. పల్లెలో మాత్రము మనము మూత పెడుతున్నాము.

ఆ రోజు మేము పట్టుబట్టి, ఉల్లిపాయ నంజుకుని, రెండు గ్లాసుల అంబలి తాగాము. తాగుతూ ఆ బాబుకు ఇథియోపియా పళ్ళెము గురించి చెప్పాము. "వాళ్ళు కూడ పులిసిన పిండే తింటారా అయ్యగారూ?" అని అడిగాడు. కాసేపటికి తన గ్లాసు తెచ్చుకున్నాడు. వాళ్ళ నాయనమ్మ ఏమీ అనకుండా పోశారు.

తల్లిదండ్రులారా, పిల్లలు ఇంటి తిండికి సిగ్గుపడడము బడిలోనే నేర్చుకోరు. అతిథి రాగానే మనము కుండ మీద మూత పెట్టడము చూసి కూడ నేర్చుకుంటారు. ఈసారి ఎవరైనా మీ గడప తొక్కితే, అంగడికి పరుగెత్తకండి. ఉన్నదే ప్రేమతో పోయండి. ఇంకొకరి గిన్నెను చూసి నవ్వవద్దని కూడ పిల్లలకు చెప్పండి.