కాబూల్‌లో ఉస్తాద్‌లు, షాగిర్ద్‌లు

కాలు పోయినవారికి కృత్రిమ పాదం అమర్చితే వైద్యం పూర్తయిందని చాలామంది అనుకుంటారు. అసలు పని దానికి ముందూ, ఆ తర్వాతా ఉంటుంది. మొండికాలికి కట్టు సరిగ్గా కట్టి వాపు తగ్గించాలి. తుంటి, మోకాలు బిగుసుకుపోకుండా కదిలించాలి. రెండు కడ్డీల మధ్య నిలబెట్టి బరువు ఏ కాలిపై ఎంత మోపాలో చెప్పాలి. కిందపడితే ఎలా లేవాలో కూడా నేర్పాలి. ఇదంతా ఫిజియోథెరపిస్టు పని. పుస్తకం చదివినంత మాత్రాన చేతికి వచ్చే విద్య కాదిది. పక్కన ఒక ఉస్తాద్ నిలబడి చూపించాలి.

యుద్ధాలతో, మందుపాతరలతో నలిగిన ఆఫ్ఘనిస్తాన్‌లో ఇటువంటి ఉస్తాద్‌ల అవసరం ఎంతో చెప్పనక్కరలేదు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1988లో కాబూల్‌లో వికలాంగుల కోసం ఒక కేంద్రం తెరిచింది. 1990లో ఇటలీ నుంచి ఆల్బెర్టో కైరో అనే ఫిజియోథెరపిస్టు అక్కడికి వచ్చారు. అంతకుముందు న్యాయశాస్త్రం చదివిన మనిషి. వచ్చినవారు దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయారు.

రెండు కాళ్లూ, ఒక చేయీ పోగొట్టుకున్న ఒక వ్యక్తి ఆయనను దానం అడగలేదు, పని అడిగాడు. ఇతడేం చేయగలడని కైరో మొదట సందేహించారు. చివరకు పని ఇచ్చి చూస్తే అతని చేతిమీదుగా ఉత్పత్తి పెరిగింది! తర్వాత వికలాంగులకే ఉద్యోగాలివ్వడం ఆ కేంద్రం పద్ధతి అయింది. నిన్న చికిత్సకు వచ్చినవారే పని నేర్చుకుని నేడు చికిత్స చేస్తున్నారు. "నాకు నడక రాదు" అని ఏడ్చే కుర్రవాడికి తన కృత్రిమ పాదం చూపించగల ఉస్తాద్ కంటే ధైర్యం చెప్పేవారెవరు?

నేర్పడంలోనూ ఒక అదబ్ ఉంది. షాగిర్ద్ తడబడగానే రోగి ఎదుటే అతని చేతిలోంచి పని లాక్కుంటే ఇద్దరికీ నమ్మకం పోతుంది. మన మదర్సాలలో హిఫ్జ్ చెప్పే మంచి ఉస్తాద్ కూడా అంతే. పిల్లవాడు ఆయత్ మధ్యలో ఆగితే వెంటనే అందించడు, కాసేపు ఆగి చూస్తాడు.

విదేశీ ఉస్తాద్ ఎప్పటికీ ఉండడు. 2017 సెప్టెంబరులో మజారె షరీఫ్ కేంద్రంలో స్పెయిన్ దేశపు ఫిజియోథెరపిస్టు లోరెనా ఎనెబ్రల్‌ను ఒక రోగి కాల్చి చంపాడు. ఖిద్మత్ చేయవచ్చిన అతిథిని చంపడానికి దీన్‌లో ఎక్కడా చోటు లేదు. అందుకే స్థానికుల చేతికి విద్య అందడం అంత ముఖ్యం.

ఆ చేతులలో స్త్రీల చేతులూ ఉండాలి. ఆఫ్ఘన్ స్త్రీలను పరాయి పురుషుడు తాకడానికి కుటుంబాలు ఒప్పుకోవు. అలాంటి దేశంలో 2022 డిసెంబరులో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలు మూశారు. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని చదువులు చెప్పే వైద్యసంస్థల తలుపులూ మూశారు. ఇప్పుడున్న స్త్రీలు పని మానుకున్నాక పరదా పాటించే రోగిని ఎవరు చూడాలి? ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ మఆజ్ (రజి)ను దైవప్రవక్త (స) మస్జిద్ వద్ద హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలోనే ఉంచారు. వైద్యం తెలిసిన సహాబియా ఆమె. పరదా పేరిట చదువు ఆపేవారు ఆ గుడారాన్ని ఎందుకు మరచిపోతున్నారో అర్థం కాదు.

మన ఇళ్లలోనూ పక్షవాతంతో మంచం పట్టిన అమ్మీలు, దాదీలు ఉన్నారు. వ్యాయామం చేయించడానికి ఆడమనిషే కావాలని మనమే పట్టుబడతాం. అదే ఇంట్లో అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతానంటే "ఆడపిల్లకు ఆసుపత్రి పని ఎందుకు?" అంటాం. ఈ మాట మా బస్తీలో ఎన్నోసార్లు విన్నాను. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న అమ్మాయి ఆ డిగ్రీలో చేరవచ్చు. ఫలితాలు వచ్చే నెలల్లో ఇంట్లో ఈ మాట ఒకసారి అనుకోండి.