చూపు నేర్చిన కారు

పొద్దుపోయాక సంత నుంచి తిరిగి వచ్చే రైతు ఎడ్లబండిలో హాయిగా కునుకు తీసేవాడు. ఎడ్లు మాత్రం కునుకు తీయవు. గొయ్యి కనిపిస్తే పక్కకు ఒదుగుతాయి, ఎవరైనా అడ్డం వస్తే ఆగుతాయి, తెలిసిన దారి పట్టుకుని బండిని ఇంటి ముందుకు చేరుస్తాయి. మోటారు కారు వచ్చాక వేగం ఎన్నో రెట్లు పెరిగింది. కాని ఎద్దుకు ఉన్న ఆ గుణం కారుకు రాలేదు. దానికి వంద గుర్రాల బలం ఉంటుంది గాని, కళ్లు ఉండవు. డ్రైవరు రెప్ప వాలిస్తే ఆ బలమంతా ఎవరి మీదికి పోతుందో చెప్పలేం.

ఇది చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాలలో సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ల వయసు వారి మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఏ రోగమూ కాదు, రోడ్డు ప్రమాదమే.

మరి కారుకు కూడా చూపు నేర్పితే? ఈ ఆలోచన శాస్త్రజ్ఞులకు చాలా కాలం క్రితమే వచ్చింది. 1977లో జపాను ఇంజనీర్లు రెండు కెమెరాలు బిగించిన కారును గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడిపించి చూశారు. ఆ తరువాత పెద్ద ప్రయత్నం ఐరోపాలో జరిగింది.

ఐరోపాలో దేశాలు చిన్నవి. పొద్దున జర్మనీలో బయలుదేరిన కారు సాయంత్రానికి రెండు మూడు సరిహద్దులు దాటి పోతుంది. కాబట్టి ఏ ఒక్క దేశమో తన రోడ్లకు మాత్రమే పనికివచ్చే కారును తయారుచేస్తే ఏం లాభం? అందుకని 1987లో చాలా దేశాల విశ్వవిద్యాలయాలు, కార్ల కంపెనీలు చేతులు కలిపి ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టాయి. దానికి ప్రొమీథియస్ అని పేరు పెట్టారు. గ్రీకు కథలలో దేవతల దగ్గర నుంచి నిప్పు తెచ్చి మనుషులకు ఇచ్చినవాడి పేరు అది.

కారు దారి తప్పకుండా ఉండాలంటే రోడ్డు కింద తీగలు పాతాలని మొదట కొందరు అనుకున్నారు. కారు ఆ తీగల జాడ పట్టుకుని పోతుందన్నమాట. కాని అన్ని దేశాల రోడ్లూ తవ్వి తీగలు పాతడం అయ్యే పనేనా? జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఎర్నెస్ట్ డిక్మన్స్ అనే ఆచార్యుడు ఉండేవారు. ఆయన విమానాల శాస్త్రం చదివిన ఇంజనీరు. రోడ్డును మార్చవద్దు, కారుకే చూపు నేర్పుదాం అన్నది ఆయన పద్ధతి. 1987లో ఆయన బృందం తయారుచేసిన 5 టన్నుల వ్యాను, అప్పటికి జనానికి తెరవని ఒక పెద్ద రోడ్డు మీద, తనను తాను నడుపుకుంటూ గంటకు 96 కిలోమీటర్ల వేగం అందుకుంది. అది చూశాక తీగల మాట వెనకబడింది.

ఇందులో కిటుకు ఏమిటో చూడండి. ఆనాటి కంప్యూటర్లు చాలా నిదానమైనవి. కెమెరా చూపే బొమ్మనంతా పరిశీలించాలంటే, అది పూర్తయ్యేలోపు కారు గోతిలో పడుతుంది. మరి మన కన్ను ఏం చేస్తుంది? అది అన్నిటినీ ఒకే శ్రద్ధతో చూడదు. మీరు క్యాచ్ పట్టేటప్పుడు మైదానమంతా చూస్తారా? బంతి ఇప్పుడు ఇక్కడ ఉంది, రెప్పపాటులో అక్కడికి వస్తుంది అని ముందే అంచనా వేసి, సరిగ్గా అక్కడే చూస్తారు. డిక్మన్స్ కారు కూడా అలాగే చేసింది. ముందరి కారు, తెల్లగీత మరుక్షణం ఎక్కడ ఉంటాయో లెక్కగట్టి, ఆ చోటనే చూసి, లెక్క తప్పితే దిద్దుకునేది. కెమెరాలు కూడా మన కళ్లలాగే అటూ ఇటూ తిరిగేవి.

1994 అక్టోబరులో ఇటువంటి రెండు కార్లను పారిస్ నగరం దగ్గర, మామూలు వాహనాల రద్దీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిపించారు. వేగం గంటకు 130 కిలోమీటర్ల వరకు పోయింది. మరుసటి ఏడు డిక్మన్స్ కారు మ్యూనిక్ నుంచి డెన్మార్కు దేశానికి ప్రయాణం చేసింది. 1,600 కిలోమీటర్లకు మించిన ఆ ప్రయాణంలో నూటికి 95 వంతుల దూరం కారే నడుపుకుంది. ఒకసారి అయితే 158 కిలోమీటర్లు మనిషి చెయ్యి తగలకుండానే సాగింది. అయినా రెండు ప్రయాణాలలోనూ స్టీరింగు వెనుక ఒక మనిషిని జాగ్రత్తగా కూర్చోబెట్టారు.

సరిహద్దు దాటినా ఆ కారు తికమకపడలేదంటే దానికి ఇంకొక కారణం కూడా ఉంది. 1968లో వియన్నా నగరంలో చాలా దేశాలు కూడి, రోడ్డు గుర్తులూ గీతలూ అందరికీ ఒకే తీరుగా ఉండాలని ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడు వారు మనుషుల సౌకర్యం కోసం చేసిన పని, తరువాత యంత్రాలకూ ఉపకరించింది.

2010లో ఇటలీలోని పార్మా నగరం వాళ్లు ఇంకా దూరం పోయారు. కెమెరాలు బిగించిన నాలుగు విద్యుత్ వ్యాన్లను, రష్యా, కజకస్తాన్ దేశాల మీదుగా చైనాలోని షాంఘై దాకా తీసుకువెళ్లారు. దారి తెలియని చోట ముందరి వ్యానుకు మనిషి సాయం చేస్తే, వెనకటి వ్యాను దాన్ని చూసుకుంటూ తానే వెళ్లింది.

బాగానే ఉంది గాని, ఆ కార్లు మన ఊరు వస్తే? జర్మనీ రోడ్ల ఫోటోలు చూసి చదువుకున్న యంత్రానికి ఆటో అంటే తెలియదు. రోడ్డుకు అడ్డంగా నింపాదిగా పోయే గేదె సంగతి అసలే తెలియదు. ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వారు, అమెరికా కంపెనీ ఇంటెల్ తో కలిసి, హైదరాబాదు, బెంగుళూరు రోడ్ల మీద 182 ప్రయాణాలలో తీసిన సుమారు 10,000 ఫోటోలను సిద్ధం చేశారు. ప్రతి ఫోటోలోనూ ఇది ఆటో, ఇది జంతువు, ఇది మట్టిబాట అని గుర్తులు పెట్టారు. 2018లో వాటిని ప్రపంచంలోని పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచారు. ఐరోపా వారి విద్యకు మన రోడ్లు నేర్పిన పాఠం అది. 2022లో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీలో డ్రైవరు లేని వాహనాలను పరీక్షించే మైదానం కూడా మొదలైంది.

ఈ పరిశోధనలన్నిటి వల్ల మామూలు కార్లకు కూడా మేలు కలిగింది. ఎదురుగా అడ్డం కనిపిస్తే తనంతట తానే బ్రేకు వేసుకునే ఏర్పాటు వచ్చింది. ఆ ఏర్పాటుకు నియమాలు ఎలా ఉండాలో 2019లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద జపాను, ఐరోపా దేశాలు మొదలైన సుమారు 40 దేశాలు ఒప్పుకున్నాయి. పరీక్ష ఎలా చేస్తారో తెలుసా? కారు వస్తుండగా, దాని ముందుకు రోడ్డు దాటుతున్నట్టు ఒక చిన్నపిల్లవాడి బొమ్మను పంపుతారు. పెద్దవాడి బొమ్మ కాదు, మీ వంటి పిల్లవాడి బొమ్మే. కారు దాన్ని చూసి ఆగాలి. అప్పుడే ఆ కారు పరీక్ష నెగ్గినట్టు.

అయితే ఒక్క మాట. ఇలాంటి కళ్లు ఇంకా అన్ని బళ్లకూ రాలేదు. మీ వీధిలో వచ్చే లారీకి, మోటారు సైకిలుకు కూడా అవి వచ్చేదాకా, రోడ్డు దాటేముందు కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూడవలసినవి మీ కళ్లే!