పిల్లల చేతిలో సెల్‌ఫోన్ – ఇంట కరువవుతున్న మాట

పసిబిడ్డ ఏడిస్తే చంకనెత్తుకొని చందమామను చూపడం, అన్నం తినక మారాం చేస్తే కథ చెప్పడం తెలుగు ఇళ్లలో తరతరాల అలవాటు. నేడు ఆ స్థానాన్ని సెల్‌ఫోన్ ఆక్రమించింది. బిడ్డ తక్షణమే ఊరుకుంటాడు. పొలం నుండి అలసి వచ్చిన తల్లికి వంటపని సాగుతుంది. కాని దాని మూల్యం బిడ్డ స్వభావంలో బయటపడుతుంది.

కోపాన్ని అదుపు చేసుకోవడం, కాసేపు ఓర్చుకోవడం పిల్లలు పెద్దల ఓదార్పు ద్వారానే క్రమంగా అలవరచుకుంటారు. ప్రతి ఏడుపుకూ ఫోనే మందైతే ఆ అభ్యాసం కుంటుపడుతుంది. పైగా ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది. ఆ వేగానికి అలవడిన మనసుకు పాఠమూ, తోటివారితో ఆటా చప్పగా తోస్తాయి. ఫోను తీసుకోగానే అరవడం, వస్తువులు విసరడం, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొని తరగతిలో కునుకుపాట్లు పడడం దీని లక్షణాలు. అయితే ప్రతి మొండితనానికీ ఫోనే కారణం కాదు. స్వతహాగా చిరాకుపడే బిడ్డకే ఫోను ఎక్కువగా అందుతుంది. అది ఆ చిరాకును మరింత పెంచుతుంది.

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు మరొక నష్టమూ ఉన్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం ద్వారా తమిళం ఒకటవ తరగతి నుండి నిర్బంధ పాఠ్యాంశమైనది. కనుక హోసూరు ప్రాంతంలో పలువురు బాలలకు తెలుగు ప్రధానంగా ఇంటి మాటల ద్వారానే అబ్బాలి. బళ్ళారి, పావగడలలో కన్నడం, రాయగడలో ఒడియా నడుమ పెరిగే పిల్లల స్థితీ ఇంచుమించు ఇదే. రాష్ట్రభాష నేర్వడం మేలే. కాని ఇంట మాట తగ్గితే తెలుగుకు మరొక బడి లేదు. తెలుగు వీడియోలు ఆ లోటు తీర్చలేవు. అవి బిడ్డ ప్రశ్నకు బదులు చెప్పవు. “భయమేసింది”, “కోపమొచ్చింది” అని చెప్పుకొనే మాట రాని బిడ్డ ఆ భావాన్ని చేతులతో, అరుపులతో వెళ్లబోసుకుంటాడు.

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు 1 గంట మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. దూరాన పనిచేసే తండ్రితో వీడియోకాల్‌లో మాట్లాడించడం వేరు, అది సంభాషణే.

అలవాటు మాన్పడానికి భోజనవేళ, నిద్రకు గంట ముందు ఇంటిల్లిపాదీ ఫోన్లు పక్కన పెట్టాలి. ఆపబోయే 5 నిమిషాల ముందే బిడ్డకు చెప్పాలి. తొలి రోజులలో గోల హెచ్చుతుంది. ఒక్కనాడు లొంగినా, గోల చేస్తే ఫోను దొరుకుతుందని బిడ్డ నేర్చుకుంటాడు. తిండీ నిద్రా చెడేంతగా వ్యసనం ముదిరితే 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవకు 14416 సంఖ్య ద్వారా ఫోన్ చేసి సలహా పొందవచ్చును.

అవ్వ చెప్పే కథకు రోజుకు అరగంట దొరికితే చాలు. బిడ్డకు ఓర్పూ, తెలుగూ ఒక్కచోటనే అలవడతాయి.