మన ఊరి పాత పనిముట్లు - పంచాయతి కర్తవ్యము

కోనరావుపేట ప్రాంతమునుండి కుటుంబ సమేతముగా హైదరాబాదు వెళ్లువారు మాదాపూరులోని శిల్పారామమును చూడవలెనని కోరుచున్నాము. 1992లో నెలకొల్పబడిన ఈ కళాగ్రామములో ఒక భాగము గ్రామీణ ప్రదర్శనశాల. అందు పల్లె వృత్తిదారుల ఇండ్లు నిజమైన కొలతలతో ఆరుబయట నిర్మింపబడినవి. అచట పిల్లలు వేయు ప్రశ్నలకు తాతలు, అవ్వలే సరియైన సమాధానము చెప్పగలరు. కావున వారినికూడ వెంట తీసికొని పోవుట మేలు.

ఇట్టి ప్రదర్శనశాలలకు స్వీడను దేశములోని స్కాన్సెన్ మార్గదర్శకము. యంత్రపరిశ్రమల రాకతో పాత పల్లెజీవనము మాసిపోవుట గమనించి, హేజెలియస్ అను పండితుడు 1891లో దీనిని స్టాక్‌హోములో స్థాపించెను. నానా ప్రాంతముల ఇండ్లను విప్పించి తెచ్చి అచట తిరిగి నిలిపిరి.

మన ప్రాంతమునను అట్టి మార్పే వచ్చినది. మోటకు బదులు విద్యుత్ మోటారు, నాగలికి బదులు ట్రాక్టరు వచ్చినవి. సిరిసిల్లలో చేతిమగ్గముల స్థానమును మరమగ్గములు చాలవరకు ఆక్రమించినవి. మార్పును మనము వలదనలేము. కాని వాడుక తప్పిన వస్తువు ముందు అటక నెక్కును, పిదప పొయ్యి పాలగును, తుదకు దాని పేరే మరపున పడును.

పంచాయతి సభ్యులు గ్రామసభలో తీర్మానించి, పాఠశాలలోగాని పంచాయతి భవనములోగాని ఒక గదిని ఇందులకు కేటాయింపవచ్చును. యజమానులు ఇష్టపడి ఇచ్చిన మోట బొక్కెన, గొర్రు, ఇసుర్రాయి, గుమ్మి మున్నగువానిని చెదలు పట్టకుండ అరుగుపై నుంచవలెను. ప్రతిదానికి పేరు, ఉపయోగము వ్రాసి చీటి కట్టవలెను. శాసనపు రాళ్లను, వీరగల్లులను మాత్రము కదల్పరాదు, రంగులు పూయరాదు; పురావస్తుశాఖకు తెలియజేయవలెను.

వివరము చెప్పగల వృద్ధులు మన మధ్య ఉన్నపుడే ఈ పని జరుగవలెను.