వనిల్లా తోటలో నొక పూట

గోవాలోని ఫోండా చెంత నొక సుగంధద్రవ్యముల తోటను మేము చూచితిమి. రసాయనపు టెరువు లచట వాడరు. రాలిన యాకులును పేడయునే బలము. పోకచెట్లపై మిరియపు తీగెలు ప్రాకియున్నవి.

మమ్ము మిక్కిలి నిలిపినది వనిల్లా. దీని జన్మభూమి మెక్సికో. పూవు ఒక్క పూటయే విచ్చియుండును. దానిని ఫలింపజేయు స్వదేశపు తేనెటీగ లిచట లేవు. 1841లో రీయూనియన్ ద్వీపమున ఎడ్మండ్ అను 12 ఏండ్ల బానిస బాలుడు, సన్నని పుల్లతో పూవులోని పొర నెత్తి, పుప్పొడిని బొటనవ్రేలితో కీలాగ్రమున కద్దుట కనుగొనెను. నేటికిని తోటమాలు లట్లే చేయుదురు. ఆ పద్ధతివలన ననేకులు ధనవంతులైరి. 1848లో స్వేచ్ఛ పొందిన యతడు మాత్రము 1880లో పేదరికముననే మరణించెను. మేమును పుల్ల పట్టి ప్రయత్నించి, పాప మొక పూవును చింపితిమి.

మధ్యాహ్న మరటియాకులలో భోజనము. కోకమును కొబ్బరిపాలును గలిపిన గులాబివన్నె సోల్‌కఢీని చారని తలచి యన్నముపై పోసికొంటిమి. అట్లును తినవచ్చునట!