రంగు వెలుగు రోగాన్ని చెబుతుంది, అన్ని రోగాలనూ కుదర్చదు

తిరువూరు: ఎ.కొండూరు మండలం తండాలను దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కొన్నేళ్లుగా పట్టి పీడిస్తోంది. రోగి రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే డాక్టరు కళ్లు ముందుగా వెతికేది ఒక అంకెను. దాని పేరు క్రియాటినిన్. ఆ అంకెను తేల్చేది ఒక రంగు వెలుగు.

కండరాలలో పుట్టే వ్యర్థ పదార్థం క్రియాటినిన్. మూత్రపిండాలు దానిని ఎప్పటికప్పుడు వడపోసి బయటకు పంపుతాయి. వడపోత మందగిస్తే అది రక్తంలో పేరుకుపోతుంది. పెద్దవారికి మామూలుగా డెసిలీటరు రక్తానికి 0.6 నుంచి 1.2 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.

రక్తం నుంచి తీసిన పసుపుపచ్చని తేటలో పిక్రిక్ ఆమ్లం, క్షారం కలిపితే క్రియాటినిన్ వల్ల అది నారింజ ఎరుపుకు తిరుగుతుంది. ఆ గొట్టం గుండా ఆకుపచ్చ వెలుగును పంపుతారు. ఎరుపు ద్రవం ఆకుపచ్చ వెలుగును మింగేస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే అవతలికి వచ్చే వెలుగు అంత తగ్గుతుంది. ఆ తరుగును బట్టి యంత్రం లెక్క కడుతుంది. చాలా లాబొరేటరీలలో నేటికీ జరుగుతున్నది ఈ పరీక్షే. షుగరు పరీక్షలో రక్తపు తేట గులాబి రంగుకు మారితే, దాన్ని కొలిచేదీ ఆకుపచ్చ వెలుగే.

భీమవరం బిడ్డ నీలం రంగు

ఈ రంగు మార్పును 1886లో కనిపెట్టినవాడు జర్మనీకి చెందిన జాఫే. 1904లో దానిని కొలతగా మలచినవాడు ఓట్టో ఫోలిన్. ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయంలో నడిపిన విభాగంలోనే మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశారు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. అందులో ద్రవం నీలంగా మారుతుంది. ఎంత నీలమైతే అంత భాస్వరం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి రక్తంలో భాస్వరం పెరుగుతుంది కనుక ఈ కొలత కిడ్నీ రోగులకూ అక్కరకు వచ్చేదే. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఆ పేరు ప్రపంచమంతటా నిలిచింది.

వెలుగే మందైన చోట

కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. అయితే పుట్టిన పసిగుడ్డుకు కామెర్లు వస్తే, దాన్ని తగ్గించేది నీలం వెలుగు. 1956లో ఇంగ్లాండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు పసిపిల్లలను కాసేపు ఎండలోకి తీసుకువెళ్లేది. ఎండ తగిలినచోట ఒంటి పచ్చదనం తగ్గడం ఆమె గమనించింది. చర్మంలోని పసుపు పదార్థాన్ని నీలం వెలుగు మార్చివేసి, శరీరం సులువుగా విసర్జించేలా చేస్తుందని తరువాత తెలిసింది. పెద్దవారి కామెర్లకు మాత్రం ఇది మందు కాదు.

బొల్లికి బావంచాలు వాడి ఎండ చూపించడం పాత వైద్యం. ఆ గింజల్లోని సోరలెన్ వెలుగుతో కలిసి పనిచేస్తుంది. మోతాదు తప్పితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. బొల్లికి, సోరియాసిస్‌కు నేడు చర్మవైద్యులు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కొలిచి ఇస్తున్నారు. షుగరు వల్ల కంటిపొర దెబ్బతింటే ఆకుపచ్చ లేజరుతో చికిత్స చేస్తున్నారు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. వెలుగు తగిలిన చోటే దాని పని. కిడ్నీలు వీపు కండరాల వెనుక, లోతున ఉంటాయి. ఒంటి మీద వేసే రంగు దీపం వాటి వడపోతను తిరిగి తేలేదు.

రంగు సీసాల మాట

రంగు సీసాలో నీళ్లు పోసి, ఎండలో పెట్టి తాగితే మొండి రోగాలు పోతాయన్న మాట పల్లెల్లో వినబడేదే. బొంబాయిలో పుట్టిన దిన్‌షా ఘడియాలీ అమెరికా వెళ్లి, 1920లో స్పెక్ట్రో-క్రోమ్ అనే రంగు దీపాల పెట్టెను అమ్మకానికి పెట్టాడు. రోగానికో రంగు చెప్పాడు. 1947లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆయనను దోషిగా తేల్చి, 20 వేల డాలర్ల జరిమానా వేసింది.

రంగు గాజు వెనుక నిలబడడం వల్ల హాని ఉండకపోవచ్చు. దానిని నమ్మి బి.పి. మాత్రలు, ఇన్సులిన్ మానడంలోనే ప్రాణాపాయం ఉంది. పైగా కిడ్నీ వ్యాధి ముదిరినవారు ఎంత నీరు తాగాలో డాక్టరు కొలత పెడతారు. వారు సీసాల కొద్దీ నీళ్లు తాగితే కాళ్లకు వాపు, ఆయాసం పెరుగుతాయి.

కిడ్నీ వ్యాధి మొదట్లో నొప్పి చూపదు. అందుకే బి.పి., షుగరు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు కనీసం ఏడాదికి ఒకసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవడం మంచిది. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు మింగే అలవాటు మానుకోవాలి. పాత పరీక్ష కాగితాలు పారేయకుండా దాచుకుంటే అంకె పెరుగుతున్నదీ, నిలకడగా ఉన్నదీ తెలుస్తుంది.

లాబొరేటరీ గొట్టంలోని నారింజ రంగు అబద్ధం చెప్పదు. అది సకాలంలో చెప్పిన మాట వింటే, డయాలసిస్ మంచం ఎక్కే రోజును చాలామంది వెనక్కు నెట్టగలుగుతారు.